పేదరికంలో ఉన్న విద్యార్థి నోరు తెరిచి అడగకుండానే బడి ఎలా ఆదుకోగలదు?

ప్రశ్న: గణిత ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. ఈ ఏడాది ఎనిమిదో తరగతి బాధ్యత కూడా నాదే. నా తరగతిలో కటిక పేదరికంలో ఉన్న కుటుంబాల పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు కచ్చితంగా తెలియదు. తెలుసుకోవడానికి నేను ఎంచుకునే పద్ధతే వారి మనసు నొప్పిస్తుందేమోనన్న సంకోచం ఉంది. అందుకే అనుభవజ్ఞులను అడుగుతున్నాను.

ఒక్క ఉదాహరణ చెబుతాను. జ్యామితి పాఠం ఉన్న రోజున ఒక విద్యార్థిని పరికరాల పెట్టె ఇంట్లో మరచిపోయానని చెబుతుంది. ఒకటి రెండుసార్లయితే ఏ పిల్లకైనా జరిగేదే. కానీ కాస్త దగ్గరగా గమనిస్తే, పక్క అమ్మాయి వృత్తలేఖినితో పని ముగించేలోగా తాను స్కేలుతో గీయవలసిన గీతలన్నీ గీసి, చాపాలు ఎక్కడెక్కడ పడాలో పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు పెట్టుకొని సిద్ధంగా ఉంటుంది. వృత్తలేఖిని చేతికి అందిన ఆ నిమిషంలోనే అన్ని చాపాలూ వరసగా గీసేసి వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. ఇంత ముందుచూపు ఉన్న పిల్ల ప్రతిసారీ పెట్టె మరచిపోతుందంటే నమ్మలేకపోతున్నాను. ప్రాజెక్టులు ఇవ్వవలసిన రోజున ఆమె బడికి రాదు. విహారయాత్రకు పేరు ఇవ్వలేదు. కారణం అడిగితే బస్సు ప్రయాణం పడదని చెప్పింది.

మా బడిలో సాయం చేసే ఏర్పాటు లేకపోలేదు. ఆర్థిక ఇబ్బంది ఉన్నవారు దరఖాస్తు నింపి, ఆదాయ ధ్రువపత్రం జతచేసి కార్యాలయంలో ఇస్తే పుస్తకాలు, సామగ్రి ఇస్తారు. అయితే దరఖాస్తు కావలసినవారు చేతులెత్తండని తరగతిలో అందరి ముందే అడుగుతారు. ఆ అమ్మాయి చెయ్యెత్తలేదు.

విద్యార్థి తన పరిస్థితిని పదిమందిలో బయటపెట్టుకోవలసిన అవసరం లేకుండా బడి ఎలా ఆదుకోవచ్చు? ఏ పనులు నిజంగా చదువుకు ఉపయోగపడతాయి, ఏవి మన తృప్తి కోసం చేసుకునేవిగా మిగిలిపోతాయి? ఒక ఉపాధ్యాయినిగా నా పరిధిలో చేయగలిగినదేమిటో, ప్రధానోపాధ్యాయుల దృష్టికి తీసుకువెళ్లవలసినదేమిటో విడివిడిగా చెబితే మరింత మేలు.

సమాధానం 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, ఆ పిల్ల చెయ్యెత్తకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ వయసులో తోటివారి ముందు లేనివారి బిడ్డగా నిలబడటం కంటే, ఉపాధ్యాయిని చేత అజాగ్రత్త మనిషి అనిపించుకోవడమే తేలికగా తోస్తుంది. కాబట్టి సాయం ఎలా అందించాలన్న ఆలోచనకు ముందు, బడి తనకు తెలియకుండానే పిల్లల మీద వేస్తున్న భారమెంతో లెక్క తీయమని నా సలహా.

బడి తెరిచిన రోజు నుంచి ఆఖరి పరీక్ష దాకా ఒక విద్యార్థిని మనం ఏమేమి తెమ్మని అడుగుతామో ఒక కాగితం మీద రాసి చూడండి. సైన్సు ఉపాధ్యాయుడు చార్టు తెమ్మంటారు. సాంఘికశాస్త్రం వారు అట్లాసు అడుగుతారు. భాషా ఉపాధ్యాయులు ప్రాజెక్టుకు రంగుల బొమ్మలు ముద్రించి అతికించమంటారు. వ్యాయామ ఉపాధ్యాయుడికి తెల్ల బూట్లు కావాలి. వార్షికోత్సవానికి నాట్యం దుస్తులు, తరగతి ఫోటోకు చందా, వీడ్కోలు సభకు మరో చందా, విహారయాత్రకు ఇంకొంత. ఒక్కొక్కరు అడిగేది ఒక్కొక్కటే కనుక ఎవరికీ అది పెద్దదిగా కనిపించదు. కానీ ముగ్గురు పిల్లలు చదువుకుంటున్న ఇంట్లో ఇవన్నీ ఒకే నెలలో వచ్చి పడవచ్చు. ఈ మొత్తం లెక్క బడిలో ఏ ఒక్కరి దగ్గరా ఉండదు. ఆ ఇంటి తల్లి దగ్గర మాత్రమే ఉంటుంది. ప్రధానోపాధ్యాయుల ముందు మీరు పెట్టవలసిన మొదటి కాగితం ఇదే. దానిలో చదువుకు అక్కరలేనివాటిని కొట్టివేయవచ్చు, అవసరమైనవాటిలో బడి సొంతంగా కొని ఉంచగలిగినవాటిని కొనవచ్చు, మిగిలినవాటికి ఏడాది మొదట్లోనే తల్లిదండ్రులకు తేదీలతో సహా ఒక పట్టిక ఇవ్వవచ్చు. రేపు తీసుకురావాలని నేడు చెప్పే అలవాటును పూర్తిగా మానేయాలి. కూలి డబ్బు వారానికొకసారి అందే ఇంట్లో రాత్రికి రాత్రి చార్టు కొనడం కూడా కష్టమే కావచ్చు.

మీ పరిధిలోని పని మాటకు వస్తే, జ్యామితి పెట్టెలను బడి సామగ్రిగా మార్చండి. ప్రయోగశాలకు సొంత పరికరాలు తెచ్చుకోమని ఎవరినీ అడగం కదా. తరగతికి సరిపడా వృత్తలేఖినులు, కోణమానినులు ఒక అరలో ఉంచి, పాఠం మొదట్లో అన్ని బల్లలకూ పంచి, చివర లెక్క చూసి తీసుకోండి. సొంత పెట్టె ఉన్నవారు కూడా బడివే వాడాలని నియమం పెడితే, ఎవరి దగ్గర ఉంది, ఎవరి దగ్గర లేదు అన్న ప్రశ్న తలెత్తదు.

అందరికీ ఒకే విధంగా అందించడంలో ఉన్న బలం భోజనం విషయంలో మరీ స్పష్టంగా కనబడుతుంది. ఫిన్లాండు 1943లో చట్టం చేసి, 1948 నుంచి దేశమంతటా బడి పిల్లలందరికీ కుటుంబ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత భోజనం అమలు చేస్తోంది. అక్కడ బడి భోజనం పేదల భోజనం అనిపించుకోదు, ఎందుకంటే అందరూ తినేది అదే. అమెరికాలో చాలాకాలం దరఖాస్తులు పరిశీలించి కొందరికి ఉచితంగా, కొందరికి తగ్గింపు ధరకు, మిగిలినవారికి పూర్తి ధరకు భోజనం పెట్టారు. 2010 నాటి చట్టం తరువాత, పేద కుటుంబాలు ఎక్కువగా ఉన్న చోట్ల దరఖాస్తులేవీ లేకుండా బడి మొత్తానికి ఉచితంగా పెట్టే వెసులుబాటు వచ్చింది. అదే దేశంలో కొన్ని బడులు భోజనం బాకీ ఉన్న పిల్లల చేతికి ముద్ర వేయడం, వారితో పనులు చేయించడం, వడ్డించిన భోజనాన్ని తిరిగి తీసుకొని పారేయడం వంటివి చేసేవి. న్యూ మెక్సికో రాష్ట్రం 2017లో వీటిని చట్టం ద్వారా నిషేధించవలసి వచ్చింది. ఈ సంగతి చదివినప్పుడు, ఫీజు బాకీ ఉన్నవారి పేర్లను తరగతిలో చదివి నిలబెట్టే పద్ధతి గుర్తుకొచ్చి మనసు కలత చెందింది. బాకీ పెద్దలది. దాని గురించి మాట్లాడవలసింది పెద్దలతోనే. ఆ మాట పిల్లల చెవిన పడకూడదు, ఫీజు కట్టలేదని హాల్ టికెట్ గానీ ప్రోగ్రెస్ కార్డు గానీ ఆపకూడదు.

యూనిఫారం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పిల్లల మధ్య తేడా కనబడకూడదనే యూనిఫారం పెట్టుకున్నాం. దాన్ని ఒకే దుకాణంలో, బడి చిహ్నం కుట్టినది మాత్రమే కొనాలంటే అది మళ్లీ భారమే అవుతుంది. ఇంగ్లండులో యూనిఫారం ఖర్చు మీద 2021లో ప్రత్యేక చట్టమే చేశారు. చిహ్నాలున్న దుస్తుల సంఖ్యను వీలైనంత తగ్గించాలని, వాడిన దుస్తులు అందుబాటులో ఉంచాలని దాని కింద వచ్చిన మార్గదర్శకాలు బడులకు చెబుతున్నాయి.

సమాధానం 2: పాఠశాల కౌన్సెలర్

పెద్దాయన చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఇంటికి సంబంధించిన కొన్ని విషయాలు చేర్చదలచాను.

డబ్బు కొరత మనిషి ఆలోచనాశక్తిని ఎంతగా కుంగదీస్తుందో తెలిపే అధ్యయనం ఒకటి 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. తమిళనాడులో చెరకు పండించే రైతులకు, పంట చేతికి రాకముందు డబ్బు ఇబ్బందుల్లో ఉన్నప్పుడు ఒకసారి, పంట డబ్బు అందిన తరువాత ఒకసారి, ఆలోచనకు సంబంధించిన పరీక్షలు పెట్టారు. అదే మనిషి ఇబ్బందుల్లో ఉన్నప్పుడు తక్కువగానూ, డబ్బు అందాక మెరుగ్గానూ చేశాడు. తెలివిలో తేడా ఏమీ లేదు. చింత తెలివిలో కొంత భాగాన్ని ఆక్రమించుకొంది. ఆ పరీక్ష పెద్దలమీద జరిగినది, నిజమే. అయినా సాయంత్రం అద్దె కోసం ఎవరు వస్తారో, తమ్ముణ్ణి ఎవరు చూసుకుంటారో ఆలోచిస్తూ తరగతిలో కూర్చున్న పిల్లను పరధ్యానమని మందలించే ముందు ఉపాధ్యాయులు ఒక్క క్షణం ఆగడానికి అది తగిన కారణమని నేను భావిస్తాను.

గైర్హాజరు, ఆలస్యం అనే రెండింటినీ బడులు సాధారణంగా క్రమశిక్షణ సమస్యలుగానే చూస్తాయి. నేను మాట్లాడిన పిల్లల్లో చాలామందికి వాటి వెనుక ఉన్న కారణం ఒకటే రకం: చెల్లిని బడిలో దింపి రావాలి, నీళ్లు పట్టి రావాలి, ఉన్న ఒక జత బట్టలు ఆరలేదు, లేదా అమ్మ పనికి వెళ్లిన రోజు ఇంట్లో జబ్బు మనిషి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఆలస్యంగా వచ్చినవారిని మొదటి పీరియడ్ అంతా గేటు బయటో వరండాలోనో నిలబెడితే, తక్కువగా అందుతున్న చదువును మరికొంత తగ్గించినట్టే. వచ్చినవారిని ముందు తరగతిలోకి పంపండి, కారణం తరువాత ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. "ఎందుకు రాలేదు?" అని అడిగేకంటే "నిన్న నువ్వు లేవు, ఈ పాఠం చెప్పుకున్నాం, ఇది ఇంటికి తీసుకువెళ్లు" అని మొదలుపెడితే, అసలు కారణం రెండో రోజో మూడో రోజో పిల్లలే చెబుతారు.

కౌమారంలో ఉన్న ఆడపిల్లలు నెలలో కొన్ని రోజులు క్రమంగా రాకపోతుంటే, శానిటరీ ప్యాడ్లు కొనలేని పరిస్థితి కూడా కారణం కావచ్చు. అడిగితే ఇచ్చేలా వాటిని కార్యాలయంలో దాచి ఉంచడం వల్ల ప్రయోజనం తక్కువ. మరుగుదొడ్డి దగ్గరే, ఎవరినీ అడగనవసరం లేకుండా ఉంచాలి. స్కాట్లండు 2020లో ఆమోదించిన చట్టం ప్రకారం విద్యాసంస్థలు వీటిని ఉచితంగా అందుబాటులో ఉంచవలసి ఉంటుంది.

తల్లిదండ్రుల సమావేశాల గురించి ఒక మాట. పగటిపూట పని మానుకొని వస్తే ఆ రోజు కూలి పోతుంది. అందుకే రాలేకపోయినవారిని పిల్లల చదువు మీద శ్రద్ధ లేనివారిగా లెక్కగట్టడం అన్యాయం. సాయంత్రం వేళ కొన్ని సమావేశాలు పెట్టవచ్చు, ఫోనులో మాట్లాడవచ్చు. మొదటిసారి ఫోను చేసినప్పుడు ఫిర్యాదుతో కాకుండా, పిల్ల బాగా చేసిన ఒక పనిని చెప్పడంతో ప్రారంభించమని నా విన్నపం. ఈ ఉపాధ్యాయినిగారి దగ్గర అలాంటి విషయం ఇప్పటికే ఉంది: సమయాన్ని, పరికరాన్ని అంత పొదుపుగా వాడుకోగల ఆ అమ్మాయి నేర్పు.

ఇల్లు మారుతూ ఉండే కుటుంబాల పిల్లలది మరో కష్టం. బదిలీ పత్రం రాలేదని, జనన ధ్రువపత్రం లేదని చేర్చుకోవడం ఆలస్యం చేస్తే ఒక్కోసారి ఏడాది పోతుంది. నిలువ నీడలేని పిల్లల కోసం అమెరికాలో 1987లో వచ్చి, తరువాతి సవరణలతో బలపడిన చట్టం, పత్రాలు లేకపోయినా ముందు బడిలో చేర్చుకోవాలని, పత్రాల సంగతి తరువాత బడి యంత్రాంగమే చూసుకోవాలని చెబుతుంది. ఏ బడి అయినా చట్టం కోసం ఎదురుచూడకుండా పాటించదగిన పద్ధతి ఇది.

సమాధానం 3: పేద కుటుంబం నుంచి వచ్చి చదువుకున్న ఒక ఇంజనీరు

పై ఇద్దరు పెద్దలు చెప్పినవన్నీ అవసరమే. అయితే మర్యాదగా ఆదుకోవడం గురించి మాట్లాడుకుంటూ చదువును మరచిపోతామేమోనన్న ఆందోళనతో ఇది రాస్తున్నాను. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను. నాకు పుస్తకాలు ఇచ్చిన ఉపాధ్యాయులందరినీ గౌరవిస్తాను. కానీ నా జీవితాన్ని మార్చిన ఉపాధ్యాయుడు నాకు వస్తువులేవీ ఇవ్వలేదు. తప్పు చేసిన లెక్కను ఎక్కడ తప్పానో తెలిసేదాకా నాతోనే మళ్లీ మళ్లీ చేయించారు. మిగిలినవారు "పాపం, ఇంత చేశాడు చాలు" అని వదిలేసేవారు. జాలితో వేసిన మార్కులు పై తరగతిలో అక్కరకు రావు. పేద పిల్లవాడికి ఇంటి దగ్గర సరిదిద్దేవారు ఎవరూ ఉండరు కాబట్టి, బడిలో కూడా సరిదిద్దకపోతే ఆ తప్పు అతనితోనే ఉండిపోతుంది.

వస్తువులు ఇవ్వడం ఒక్కటే చాలదని చూపిన పరిశోధన ఒకటి ఉంది. కెన్యా గ్రామీణ ప్రాంతంలోని బడులకు ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇచ్చి ఫలితం ఎలా ఉందో మైకేల్ క్రెమర్, ఆయన సహచరులు పరిశీలించారు. సగటు విద్యార్థి మార్కులు పెరగలేదు. అప్పటికే ముందున్న విద్యార్థులకే మేలు జరిగింది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అక్కడి పిల్లల్లో చాలామందికి అది మూడో భాష. చదవలేని పుస్తకం చేతిలో ఉన్నా లేనట్టే. క్రెమర్‌కు 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. బెనర్జీ, డఫ్లో తమ సహచరులతో కలిసి భారతదేశంలో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పనిని ఏళ్ల తరబడి పరీక్షించారు. పిల్లలను తరగతిని బట్టి కాక, చదవడంలో, లెక్కల్లో వారు నిజంగా ఏ మెట్టు మీద ఉన్నారో దాన్ని బట్టి రోజులో కొంతసేపు జట్లుగా చేసి, ఆ మెట్టు నుంచే బోధించే పద్ధతి అది. ఎనిమిదో తరగతిలో కూర్చున్నా భాగహారం రాని పిల్లవాడికి బీజగణితం చెప్పుకుంటూ పోతే ఏడాదంతా వింటాడే తప్ప నేర్చుకోడు. పేదరికం వల్ల మధ్యలో బడి మానేసి మళ్లీ చేరినవారిలో ఇలాంటి ఖాళీలు ఎక్కువ. ఆ ఖాళీ ఎక్కడుందో కనిపెట్టడం ఏ విరాళం కన్నా విలువైన సాయమని నా దృఢ నమ్మకం. మేడమ్ గారు గణితం చెబుతున్నారు కాబట్టి ఇది వారి చేతిలోనే ఉంది. ఒక పీరియడ్ పట్టే చిన్న పరీక్షతో, మార్కులు లెక్కించకుండా, ఎవరికి ఏది రాదో తెలుసుకోవచ్చు.

తరగతి పరిమాణం కూడా ముఖ్యమే. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 1985 నుంచి 1989 వరకు ప్రాథమిక స్థాయి పిల్లలను, ఉపాధ్యాయులను చీటీలు వేసినట్టుగా విభజించి, కొందరిని 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల్లో, మిగిలినవారిని 22 నుంచి 25 మంది ఉన్న తరగతుల్లో ఉంచి పరిశీలించారు. తక్కువ మంది ఉన్న తరగతుల్లోని పిల్లలు మెరుగ్గా చదివారు, ఆ మేలు పేద పిల్లలకు ఇంకా ఎక్కువగా అందింది. అంత చిన్న తరగతులు ప్రతి బడికీ సాధ్యం కాకపోవచ్చు. కానీ రోజుకు అరగంట సేపు నలుగురైదుగురు పిల్లలతో ఒక ఉపాధ్యాయుడు కూర్చునే ఏర్పాటు చాలాచోట్ల సాధ్యమే. ఆ అరగంట బడి వేళల్లోనే ఉండాలి. బడి అయిపోయాక పెడితే, పనికి వెళ్లే పిల్లలు, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవలసిన పిల్లలు దానికి ఉండలేరు. అంటే ఆ ఏర్పాటు ఎవరి కోసమో వారికే అందదు.

ఇంటిపని గురించి కూడా ఇదే మాట. ఇంట్లో ఒకే ఫోను, అదీ నాన్న పనికి తీసుకువెళ్లేదైతే, ఆన్‌లైన్‌లో వీడియో చూసి రాసుకురమ్మనే హోంవర్క్ ఆ పిల్లవాడికి రాత్రి పది గంటలకు మొదలవుతుంది. ఆ గదిలోనే మిగిలినవారు దీపం ఆర్పి పడుకోవాలని చూస్తుంటారు. ఇంటిపని తీసివేయమని నేను అనను. దాన్ని నోటుపుస్తకంతో, పాఠ్యపుస్తకంతో పూర్తిచేయగలిగేలా ఇవ్వండి. బడి తెరవడానికి ముందో, మధ్యాహ్న విరామంలోనో ఒక గదిని అందరికీ తెరిచి ఉంచి, అక్కడ కూర్చొని రాసుకునే వీలు కల్పించండి.

మరొక్కటి. బోర్డు మీది అక్షరాలు కనబడక వెనకబడిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. కలిగిన ఇంట్లో అది కొద్ది వారాల్లో తెలిసిపోయి కళ్లజోడు వస్తుంది. లేని ఇంట్లో ఏళ్లు గడిచినా తెలియదు. ఏడాదికొకసారి బడిలోనే కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించి, కళ్లజోడు కూడా బడి ద్వారానే అందేలా చూడాలి. పరీక్ష చేసి చీటీ ఇంటికి పంపితే చాలామంది పిల్లల విషయంలో ఆ చీటీ చీటీగానే మిగిలిపోతుంది.

సమాధానం 4: పాఠశాల కార్యాలయంలో ఖాతాలు చూసే ఉద్యోగి

అందరికీ అన్నీ ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచన గొప్పదే. కానీ ఖాతాలు రాసేవాడిగా చెప్పక తప్పదు: నిధి పరిమితంగా ఉన్నప్పుడు అందరికీ పంచితే, అత్యవసరమైనవారికి అందేది తగ్గుతుంది. పంచి వాడుకోగలిగే వస్తువులు, భోజనం వంటివాటిని అందరికీ ఇవ్వడం న్యాయం. బూట్లు, కళ్లజోడు, రవాణా ఖర్చు, పరీక్ష ఫీజు వంటివాటికి మాత్రం ఎవరికి అవసరమో తెలుసుకోక తప్పదు. కాబట్టి గుట్టుగా తెలుసుకునే మార్గం కావాలి.

చేతులెత్తమని అడగడం మానేసి, దరఖాస్తును ప్రవేశ పత్రంలోనే ఒక భాగంగా చేర్చి, అందరి చేతా నింపించవచ్చు. అప్పుడు దాన్ని నింపడం ఎవరికీ ప్రత్యేకమైన పని కాదు. కుటుంబం వేరే ఏదైనా ప్రభుత్వ పథకంలో ఇప్పటికే అర్హత పొంది ఉంటే, మళ్లీ ఆదాయ ధ్రువపత్రం అడగనవసరం లేదు. ఒక్క పత్రం కోసం తండ్రి రెండు రోజుల పని మానుకొని కార్యాలయాల చుట్టూ తిరిగితే, మనమిచ్చే సాయం విలువ అక్కడే చెల్లిపోతుంది. వివరాలు తరగతి ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు, ఖాతాలు చూసేవారికి తప్ప మరెవరికీ తెలియకూడదు. జాబితా నోటీసు బోర్డు మీద పెట్టడం గానీ, వాట్సాప్ గ్రూపులో వేయడం గానీ జరగకూడదు.

ఇంగ్లండులో 2011 నుంచి అమలులో ఉన్న విధానం ఒకటి నాకు నచ్చింది. ఉచిత భోజనానికి అర్హులైన పిల్లల సంఖ్యను బట్టి ప్రభుత్వం బడికి అదనపు నిధులు ఇస్తుంది. గడచిన ఆరేళ్లలో ఎప్పుడు అర్హత ఉన్నా లెక్కలోకి వస్తుంది కనుక, ఒక ఏడాది ఆదాయం కాస్త పెరిగిందని సాయం ఆగిపోదు. ఆ డబ్బు పిల్లవాడి చేతికి రాదు. బోధన కోసం, అదనపు ఉపాధ్యాయుల కోసం, బడికి రప్పించడం కోసం ఖర్చవుతుంది. ఎలా ఖర్చు చేశారో బడి బహిరంగంగా ప్రకటించాలి.

దాతల గురించి ఒక విషయం గట్టిగా చెప్పదలచాను. విరాళం ఇచ్చేవారిలో కొందరు పిల్లలను వరసలో నిలబెట్టి, సంచులు చేతికిస్తూ ఫోటోలు తీయించుకోవాలని కోరతారు. ఆ ఫోటోలు అంతర్జాలంలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వస్తువులు కార్యాలయానికి ఇవ్వమని, రసీదుతో పాటు ఖర్చు వివరాలు పంపుతామని, పిల్లల ఫోటోలు మాత్రం ఇవ్వలేమని మర్యాదగా చెప్పవచ్చు. ఈ నియమాన్ని బడి ముందుగానే రాసి పెట్టుకుంటే, ఎవరికి కాదని చెప్పవలసి వచ్చినా అది వ్యక్తిగతం అనిపించదు.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. బడి అడిగేవాటి పట్టికను ఈ వారమే మొదలుపెట్టాను. మా తరగతి ఉపాధ్యాయుల దగ్గర అడిగి రాసుకుంటేనే ఒక పేజీ దాటింది. సార్లలో ఇద్దరు దాన్ని చూసి తమ ప్రాజెక్టులను తాముగా మార్చుకుంటామన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. మా సహోద్యోగులు కొందరు చాలాకాలంగా సొంత జేబులోంచి పిల్లలకు కొనిపెడుతున్నారు. అది మంచిదేనా, దానికొక హద్దు ఉండాలా? అలాగే, విహారయాత్రకు రాలేని పిల్లలను ఆ రోజు ఏం చేయాలి? యాత్ర పూర్తిగా మానేద్దామంటే వెళ్లాలనుకునే పిల్లల ఉత్సాహాన్ని చంపడం ఇష్టం లేదు.

సమాధానం: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, సొంత జేబులోంచి ఇచ్చే గుణాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ అది ఉపాధ్యాయుడు ఉన్నంతకాలమే నడుస్తుంది. ఆయన బదిలీ అయితే ఆగిపోతుంది. ఎవరికి ఇవ్వాలో ఆయన కంటపడిన దాన్ని బట్టి ఉంటుంది కనుక, వెనుక బెంచీలో మౌనంగా కూర్చున్న పిల్లవాడికి అందకపోవచ్చు. పైగా పిల్లవాడికి ఒక వ్యక్తికి రుణపడ్డానన్న భావం మిగులుతుంది. అందుచేత ఇవ్వదలచినవారంతా బడి పేరుతో ఉన్న ఒక చిన్న నిధిలో వేసి, రసీదు తీసుకొని, సామగ్రి బడి అర నుంచే పిల్లలకు చేరేలా చూస్తే మేలు. ఆకలితో కళ్లు తిరిగిన పిల్లకు ఆ పూట తిండి పెట్టడానికి మాత్రం ఏ నిధీ ఏ నియమమూ చూడనక్కరలేదు.

విహారయాత్రను మానవద్దు, దాని స్వరూపం మార్చండి. ప్రయాణం అవసరమైన పెద్ద యాత్ర ఒకటి పెట్టి సగం తరగతిని వదిలి వెళ్లేకంటే, నడిచి వెళ్లి చూసి రాగలిగినవి రెండు మూడు పెట్టి తరగతి మొత్తాన్ని తీసుకువెళ్లండి. పెద్ద యాత్ర తప్పదనుకుంటే, ఖర్చును బడి నిధితో కలిపి లెక్కగట్టి, తల్లిదండ్రులకు ఆరు నెలల ముందే తెలిపి, ఎవరికి వీలైనంత వారు మూసిన కవరులో కార్యాలయానికి పంపే పద్ధతి పెట్టవచ్చు. పేర్లు నమోదు చేయడం అన్నది డబ్బుతో ముడిపడకూడదు. ముందు తరగతిలో అందరి పేర్లూ రాసి, రాలేనివారే కారణం చెప్పేలా చేయాలి. ఇది నేను పనిచేసిన బడిలో చేసి చూసినదే. మొదటి ఏడాది లోటు పడింది. మరుసటి ఏడాది కాస్త కలిగిన తల్లిదండ్రులు తమ వాటా కంటే ఎక్కువ పంపారు.

పట్టిక పూర్తయ్యాక, పదో తరగతి వారి కోసం అందులో మరో వరుస చేర్చండి: పై చదువుల దరఖాస్తు రుసుము, ప్రవేశ పరీక్షల ఫీజు, ధ్రువపత్రాల నకళ్లు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపే ఖర్చు. పరీక్షలు రాసి బడి వదిలిన పిల్లలకు ఆ వేసవిలో ఎవరూ దిక్కుండరు. ఫలితాలు వచ్చేనాటికి గడువులు దాటిపోతాయి. సెలవుల్లో వారానికి రెండు రోజులు కార్యాలయం తెరిచి, దరఖాస్తులు నింపిపెట్టే బాధ్యతను ఒక ఉపాధ్యాయుడి పేరు మీద ఇప్పుడే రాయించండి. ఆ ఉపాధ్యాయుడి ఫోను నంబరు హాల్ టికెట్లతో పాటే ప్రతి ఇంటికీ చేరాలి.